కొండకెళ్తున్నారా? స్పీకరు ఇంట్లో వదిలేయండి

శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద కాసేపు నిలబడితే ఈ నగరం ఎంత అలసిపోయిందో తెలుస్తుంది. గచ్చిబౌలి వైపు, కొండాపూర్ వైపు, హఫీజ్‌పేట వైపు బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉంటాయి. వాటిలో కొన్ని ఇంటికి పోయేవి కావు. వెనక అద్దంలోంచి చూస్తే చుట్టిపెట్టిన గుడారం సంచి, దుప్పట్లు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, బొగ్గుల బస్తా, దాని మీద ఇనప జాలీ, పక్కనే మోకాలెత్తు స్పీకరు. ఎటు పోతున్నారని అడిగితే అందరిదీ ఒకే జవాబు: 'ఎక్కడికైనా ప్రశాంతంగా.'

ఆ 'ఎక్కడికైనా'కు ఇప్పుడు ఖాయమైన చిరునామాలున్నాయి. ఒక్క రోజైతే వికారాబాద్ పక్కన అనంతగిరి. రెండు రోజులైతే శ్రీశైలం దారిలో మన్ననూరు, ఫరహాబాద్. మూడు రోజులు చేతికి చిక్కితే లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి, పాపికొండలు. ఆదివారం పొద్దున మబ్బుల కొండ మీద నిలబడితే మన ఆఫీసు క్యాంటీన్లో రోజూ కనబడే మొహాలే కనబడతాయి. ఎవరి నుంచి తప్పించుకుందామని బయల్దేరామో వాళ్లే మనకన్నా ముందొచ్చి ఫొటోలు దిగుతుంటారు.

వాళ్లను తప్పు పట్టలేం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి ఈ చుట్టుపక్కలంతా గుండ్రాళ్లు, సీతాఫలం పొదలు. ఇప్పుడు కొత్తగూడకు మిగిలిన అడవి కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ప్రహరీ లోపలి 274 ఎకరాలే. అందులో పొద్దున్నే నడిచేవాళ్లకు నెమలి అరుపూ, బయటి రోడ్డు హారనూ కలిసే వినిపిస్తాయి. 2025 వసంతంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం ఈ ఐటీ కారిడార్ కుర్రకారు ఎంత గట్టిగా నిలబడ్డారో, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి పనులన్నీ ఆపమన్నప్పుడు ఎంత సంబరపడ్డారో చూశాం. అడవి మీద ఇష్టానికి ఇక్కడ కొరత లేదు. అడవిలో ఎలా ఉండాలో చెప్పిన వాళ్లే లేరు.

ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు చోటు వెతకడం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా రోజు ఎంచుకోవడం మీద, సామాను తగ్గించుకోవడం మీద పెడితే పాపికొండల్లాంటి రద్దీ చోట కూడా నిశ్శబ్దం దొరుకుతుంది. ఈ కథనం చెప్పదలచింది ఇంతే. ఎలాగన్నది కాస్త వివరంగా చూద్దాం.

ఏ కొండ?

పొద్దున నడకకు వెళ్లే కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం మహావీర్ హరిణ వనస్థలి... ఈ మూడూ చట్టప్రకారం జాతీయ ఉద్యానాలు. తెలంగాణలో ఉన్నవీ ఈ మూడే. మూడూ నగరం ఒళ్లోనే ఉన్నాయి. కొండలుండాలి, జాతీయ ఉద్యానమై ఉండాలి అంటే ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టాల్సిందే. అక్కడ రెండు దారులు. శేషాచలం కొండల్లో తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఒకటి. గోదావరిని ఇరుపక్కల నుంచీ నొక్కిపట్టిన పాపికొండల జాతీయ ఉద్యానం రెండోది. రెండోదే పెద్దది, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. 1978లో అభయారణ్యమై, 2008లో జాతీయ ఉద్యానం అయింది. పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, దుప్పి ఉన్న అడవి. పక్షుల కోసం కాపాడుకోవాల్సిన ముఖ్య స్థలాల అంతర్జాతీయ జాబితాలోనూ దీని పేరుంది.

ఆ అంచునే మారేడుమిల్లి. ఒకప్పుడు భద్రాచలం నుంచి రాజమండ్రి పోయే బస్సులు టీ కోసం ఆగే ఊరు. 'పుష్ప' సినిమా ఈ అడవుల్లో తీశాక కథ మారింది. బొంగు చికెన్ పొగలు, రోడ్డు పొడవునా గుడారాల బోర్డులు, వారాంతం వస్తే ఘాట్ రోడ్డు మలుపుల్లో బారులు తీరిన కార్లు. చికెన్ బాగానే ఉంటుంది, తినండి. కాకపోతే మనమే వెదురు నరికి వండుకుంటామనే సరదా మాత్రం వద్దు. పార్కు హద్దులో పచ్చి వెదురు మీద కత్తి వేయడం నేరం.

దూరం ఎక్కువనుకునేవాళ్లకు నల్లమల ఉంది. అమ్రాబాద్ జాతీయ ఉద్యానం కాదు గానీ 2,600 చదరపు కిలోమీటర్లు దాటిన పులుల అభయారణ్యం. కొత్తగూడ నుంచి అవుటర్ ఎక్కి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే మూడు, మూడున్నర గంటల్లో మన్ననూరు. అటవీశాఖ అక్కడ బస, సఫారీ, నడక కలిపి ఏర్పాటు చేస్తోంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారిలో వాహనాలను వదలరు. ఆ తొమ్మిది గంటల కోసమైనా అక్కడ ఒక రాత్రి ఉండి చూడాలి. హైదరాబాద్‌కు ఇంత దగ్గర్లో లారీ చప్పుడు లేని జాతీయ రహదారి ఇంకెక్కడుంది! చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర రోజుల్లో మాత్రం అటు పోవద్దు. అవి భక్తుల రోజులు, వాళ్లకే వదిలేయాలి.

ఎవరి నేల మీద గుడారం?

గుడారం ఎక్కడ వేసుకోవాలన్న ప్రశ్నకు ముందు ఆ నేల ఎవరిదన్న ప్రశ్న ఉంది. పర్యాటకుల వీడియోల్లో ఇది వినబడదు.

పాపికొండలు కొండరెడ్ల నేల, కోయల నేల. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఇక్కడి కొండరెడ్లతో కలిసి తిరిగి రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. దాని పేరులో ఈ కొండలను అడవిదున్నల కొండలన్నాడు. అంతకు చాలా ముందే, 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద, వంటచెరకు మీద తెల్లవాళ్ల పట్టు బిగిసింది. 1879 రంప తిరుగుబాటు, 1922లో అల్లూరి సీతారామరాజు పోలీస్ స్టేషన్ల మీద దాడులు, ఇవన్నీ ఈ కొండల చుట్టూ జరిగినవే. అడవిలోకి ఎవరు రావాలి, ఎవరు ఉండాలి అన్న తగవు ఇక్కడ సెల్ఫీ కర్రలకన్నా చాలా పాతది.

ఆ తగవు చట్టంలోకీ ఎక్కింది. ఏజెన్సీలో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనే 1970 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదలాయించకూడదు. అమ్మకం ఒక్కటే అనుకోకండి, కౌలు కూడా బదలాయింపే. అంటే మైదానం నుంచి వచ్చిన ఆసామి వాగు పక్కన ముప్పై గుడారాలు వరుసగా నిలబెట్టి, రంగు దీపాలు వేలాడదీసి, అడవి అనుభవం అని అమ్ముతుంటే 'ఈ స్థలం ఎవరిది సార్?' అని అడిగే హక్కు డబ్బు కట్టే మనకుంది. అడిగి చూడండి. జవాబు తడబడితే అక్కడ బుక్ చేయకండి.

తడబడని చోట్లు ఉన్నాయి. మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీశాఖ అండతో వన సంరక్షణ సమితులు నడిపే బసలున్నాయి. వాలమూరు దగ్గర వాగు ఒడ్డున 'జంగిల్ స్టార్' శిబిరం అలాంటిదే. వాలి సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. మనం కట్టే డబ్బులో కొంత ఊరి కుటుంబాలకు చేరుతుంది. వంట చేసేది, దారి చూపేది, రాత్రి కాపలా ఉండేది అక్కడివాళ్లే. వాళ్లకు ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలుసు. మన ఫోనులోని మ్యాపుకు తెలియదు.

పార్కు లోపల మనకు నచ్చిన చెట్టు కింద గుడారం వేసుకుందామంటే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడమే నేరం. జంతువులను కదిలించి విసిగించడం, చెత్త వేయడం కూడా నేరాల జాబితాలోనే ఉన్నాయి. గుడిసె కొండ మీద పచ్చికబయలు సంగతే చూడండి. సూర్యోదయం కోసం రాత్రే వెళ్లి గుడారాలు వేసుకున్నవాళ్లు తెల్లారేసరికి సీసాలు, బిర్యానీ పొట్లాలు వదిలేసి దిగడం మొదలెట్టాక అటవీశాఖ అక్కడ రాత్రి బసకు అడ్డుకట్ట వేసింది. ఇప్పుడు తెల్లవారుజామున ఎక్కి దిగడమే. అక్కడ నిబంధనలు మారుతూనే ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు మారేడుమిల్లి అటవీ కార్యాలయంలో ఒకసారి కనుక్కోవడం మంచిది.

ఎప్పుడు?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

కొత్తగూడలో పనిచేసేవాళ్ల క్యాలెండర్ ఒక్కటే. జనవరి ఒకటిన అందరూ ఆ ఏడాది లాంగ్ వీకెండ్ల పట్టిక తీస్తారు, అందరూ అవే రోజులు గుర్తు పెట్టుకుంటారు, అందరూ ఒకే రాత్రి బయల్దేరుతారు. కార్తీకంలో వనభోజనాలు, డిసెంబరు చివరివారం, సంక్రాంతి, రిపబ్లిక్ డే వారాంతం... ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి మారేడుమిల్లి వెళ్లి 'అబ్బే, ఏం లేదక్కడ, ఒకటే జనం' అని పెదవి విరిచేవాళ్లు ఆ కొండను చూడనట్టే లెక్క.

మంగళవారం వెళ్లండి. గురువారం తిరిగి రండి. వారంలో రెండు, మూడు రోజులు ఆఫీసుకొస్తే చాలన్న పద్ధతి వచ్చాక ఇది ఒకప్పుడంత కష్టం కాదు. మేనేజరును ఒప్పించడం కన్నా మనల్ని మనం ఒప్పించుకోవడమే కష్టం. లాప్‌టాప్ పట్టుకెళ్తాను, వాగు పక్కన కూర్చుని పని చేస్తాను అనే పిచ్చి ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఘాట్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సిగ్నల్ కోసం కొండెక్కి ఫోను పైకెత్తి తిరిగే మనిషికి అడవి ఏం కనబడుతుంది? ఆన్‌కాల్ లేని వారం చూసుకుని, రిలీజ్ అయిపోయాక, పూర్తి సెలవు పెట్టుకుని వెళ్లాలి.

నెల విషయానికొస్తే, జూన్ నుంచి అక్టోబరు దాకా వాగులు నమ్మకూడనివి. గోదావరికి వరదొస్తే పడవలూ ఆపేస్తారు. నవంబరు నుంచి జనవరి మధ్య దాకా చలి బాగుంటుంది, జనం బాగా ఉంటారు. మార్చి నుంచి ఎండ, రాలిన ఆకులు, కార్చిచ్చు భయం. ఇక మిగిలింది సంక్రాంతి జనం తిరిగి వెళ్లిపోయాక శివరాత్రికి ముందు దొరికే సన్నని ఖాళీ. పిల్లలకు పరీక్షలు దగ్గరపడతాయి, కుటుంబాలు కదలవు. ఆఫీసుల్లో కొత్త ఏడాది ఉత్సాహం చల్లారి సెలవులు దాచుకునే వేళ. రాత్రి దుప్పటి కావాలి, పగలు చెమట పట్టదు. ఆకులు పలచబడి పిట్టలు కనబడతాయి. మోదుగులు మొగ్గ తొడుగుతుంటాయి. ఈ ఖాళీని ఇలా బయటపెట్టడం నాకు కొంచెం బాధగానే ఉంది గానీ, మంగళవారం సెలవు పెట్టేవాళ్లు ఎందరుంటారులే అన్న ధైర్యం ఒకటుంది.

ఆ రోజుల్లోనూ పంచాంగం తిరగేసి అమావాస్య దగ్గరి రాత్రులు చూసుకోండి. పుష్య బహుళ అమావాస్యను గోదావరి జిల్లాల్లో చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు జనం ముఖం కాకినాడ వైపు, సముద్రస్నానాల వైపు ఉంటుంది. కొండ వైపు చూసేవాళ్లుండరు. సంక్రాంతికి మరీ అంటుకోకుండా ఆ అమావాస్య పడిన ఏడాది మీ అదృష్టం. రాత్రి ఎనిమిదింటికి నెత్తిమీద గొల్లకావడి, పక్కనే రోహిణి, కాస్త పడమరగా కృత్తికలు. మాదాపూర్ డాబా మీద లెక్కపెట్టగలిగిన నక్షత్రాలకూ, ఇక్కడి ఆకాశానికీ పొంతన ఉండదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగించినా మళ్లీ మొదటికే. ఎర్రదీపం ఉన్న తలలైటు కొనుక్కోమనేది అందుకే.

ఎలా?

కారులో అయితే కొత్తగూడ నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, చింతూరు, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి మారేడుమిల్లి. అటూ ఇటూగా నాలుగు వందల కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరి పొద్దు ఉండగానే చేరాలి. చీకటి పడ్డాక ఆ ఘాట్ ఎక్కొద్దు. మంచు, మలుపులు, లారీలు మూడూ ఎదురొస్తాయి.

నన్నడిగితే రైలే మేలు. గౌతమి ఎక్స్‌ప్రెస్ మన పక్కనున్న లింగంపల్లిలోనే బయల్దేరుతుంది. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి రాజమండ్రి. అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా ఆర్టీసీ బస్సులో మారేడుమిల్లికి సుమారు ఎనభై ఐదు కిలోమీటర్లు. మోయగలిగినంతే తీసుకెళ్తాం కాబట్టి బొగ్గుల బస్తా, స్పీకరు వాటంతటవే ఇంట్లో ఉండిపోతాయి.

సంచిలో ఏముండాలి? రెండు పొరల గుడారం, కింద పరచడానికి చాప, పడుకునే సంచి. వీటిని కొనకుండా అద్దెకు తెచ్చుకోవచ్చు. బయల్దేరే ముందు వారం ఒక రాత్రి అపార్ట్‌మెంట్ డాబా మీద వేసి చూసుకోవాలి. వాచ్‌మన్ నవ్వుతాడు, నవ్వనివ్వండి. గుడారం కర్రలు ఎలా జతపడతాయో చీకట్లో అడవిలో నేర్చుకోవడం కన్నా అది నయం. తిండికి పులిహోర, అటుకులు, వేరుశనగలు, సున్నుండలు, ఒక చిన్న స్టీలు డబ్బాలో ఆవకాయ. వేడి అన్నం శిబిరంలో దొరుకుతుంది. ప్లాస్టిక్ పొట్లాల్లోని చిరుతిళ్లు ఇక్కడే విప్పి డబ్బాల్లో పోసుకుంటే అక్కడ విసిరేయడానికి ఏమీ మిగలదు.

దోమతెరను మర్చిపోతే మిగతావన్నీ గుర్తుపెట్టుకున్నా దండగ. రంప ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ పోలేదు. పొద్దుగూకే ముందే నిండు చేతుల చొక్కా, ప్యాంటు, దోమల మందు. ముందుగా వాడాల్సిన మాత్రలేమైనా ఉన్నాయా అని మీ డాక్టర్నే అడగండి. తిరిగొచ్చిన రెండు, మూడు వారాల్లో జ్వరమొస్తే 'వైరల్ ఏమోలే' అని ఊరుకోకుండా ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల రోగం ముదిరే కేసులుంటాయి.

రాత్రి సంగతులు

మంట లేకపోతే క్యాంపింగ్ ఏంటి అంటారు కుర్రాళ్లు. సినిమాలు, రీళ్లు నేర్పిన పాఠం అది. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు వెలిగించడం, వెలిగించిన నిప్పును వదిలిపోవడం 1972 చట్టంలోని 30వ సెక్షన్ కింద నేరం. జాతీయ ఉద్యానాలకూ అదే వర్తిస్తుంది. శిబిరం వాళ్లు తమ ఆవరణలో, తమ కాపలాలో చిన్న నెగడు వేస్తే దాని చుట్టూ కూర్చోండి. వాళ్లు వద్దంటే బతిమాలకండి, డబ్బు ఎర వేయకండి. రాలిన ఆకు మీద పడిన ఒక్క నిప్పురవ్వను రాత్రి రెండింటికి ఆర్పాల్సింది పక్క ఊరి మనుషులే. ఇంకోమాట, మంట పక్కన కూర్చున్నవాడికి పది అడుగుల అవతల ఏముందో కనబడదు. మంట లేని రాత్రి చెవులు పనిచేయడం మొదలుపెడతాయి. ముందు వాగు, తర్వాత కీచురాళ్లు, నడిరాత్రి దాటాక ఎక్కడో దుప్పి హెచ్చరిక కూత.

స్పీకరు గురించి చెప్పేందుకు చట్టం వెతకనక్కర్లేదు గానీ అదీ ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లను ఒప్పుకోవు. అడవిలో ఆ పది గంటల దాకా కూడా ఎందుకు ఆగాలి? చిత్రమేమిటంటే అమెరికాలో యోసెమిటీ జాతీయ ఉద్యానం శిబిరాల్లో నిశ్శబ్ద వేళలు కూడా సరిగ్గా 10 నుంచి 6. బే ఏరియాలో ఉంటున్న మన తెలుగువాళ్లు అక్కడ గుడారం చోటు కోసం నెలల ముందే కంప్యూటర్ ముందు కాచుకుని కూర్చుంటారు, బుకింగ్ తెరిచిన నిమిషాల్లో అయిపోతుంది. చోటు దొరికాక తిండినీ, సబ్బునూ, టూత్‌పేస్టునూ ఎలుగుబంట్లు తెరవలేని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. కిక్కురుమనకుండా అన్ని నిబంధనలూ పాటిస్తారు. అదే కుటుంబం సెలవులకు హైదరాబాద్ వచ్చి బావమరుదులతో కలిసి మారేడుమిల్లి పోతే కారు డోర్లు నాలుగూ తెరిచి పాటలు పెడుతుంది. మనిషి మారలేదు, గేటు దగ్గర నిలబడి అడిగే మనిషి లేడు, అంతే.

ఇనప పెట్టెలు మన దగ్గర లేవు. కాబట్టి గుడారంలో తిండి పెట్టుకోకూడదు, అరటి తొక్క కూడా. కోతి వస్తే పగలు తెలుస్తుంది, ఎలుగు వస్తే రాత్రి తెలుస్తుంది. ఇప్పపూలు రాలే కాలంలో ఎలుగుబంట్లు చెట్ల కింద తచ్చాడతాయి. ఆ చెట్ల దగ్గర పడుకోకూడదని స్థానికులు చెబితే వినాలి. చెప్పులు, బూట్లు గుడారం లోపలే పెట్టుకుని పొద్దున్నే దులిపి వేసుకోండి. ఆరుబయటకు వెళ్లాల్సి వస్తే వాగుకు కనీసం డెబ్బై అడుగుల దూరం అని మనవాళ్లు ఏదో అంచనా చెబుతుంటారు, అది చాలదు. రెండు వందల అడుగులు నడవండి. జానెడు లోతు గుంట తవ్వి, తర్వాత మట్టి కప్పండి. ఆ వాగు నీళ్లే కింది ఊరివాళ్లు తాగుతారు.

నీళ్ల దగ్గర

2024 సెప్టెంబరు 22న మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో సరదాగా దిగిన వైద్య విద్యార్థుల బృందంలో ఐదుగురు ఒక్కసారిగా వచ్చిన ప్రవాహంలో కొట్టుకుపోయారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పైన కొండ మీద వాన పడితే కింద మన దగ్గర ఎండగానే ఉంటుంది. నీళ్లు మాత్రం చెప్పకుండా వచ్చేస్తాయి. నీటి రంగు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఆ క్షణమే ఒడ్డెక్కాలి. ఫొటో తర్వాత.

గోదావరి మీదా అంతే జాగ్రత్త. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పుడు అందులో డెబ్బై మందికి పైగా ఉన్నారు, సగానికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వాళ్లలో హైదరాబాద్, వరంగల్ వాళ్లూ ఉన్నారు. వరద గోదావరిలో సుడులున్న చోట అది. పడవ ఎక్కాలనుకుంటే లైఫ్ జాకెట్ చేతికి ఇచ్చాక, దాన్ని కట్టుకున్నాకే కాలు పెట్టండి. పేరంటపల్లి మునివాటం దగ్గర దిగి ఆ చల్లని గుడి ఆవరణలో కాసేపు కూర్చోవచ్చు. పడవలో డీజే ఉంటుందా అని టికెట్ కొనే ముందే అడగండి. ఉంటుందంటే ఇంకో పడవ చూసుకోండి. నలుగురు అడిగితే ఐదో వారానికి ఆ డీజే పెట్టె కిందికి దిగుతుంది. వ్యాపారం చెవి ఎప్పుడూ గిరాకీ వైపే ఉంటుంది.

పోలవరం పనులు మొదలయ్యాక ఈ దారిలో చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. నది మట్టం, ఇసుక తిన్నెలు, రేవులు పాత ఫొటోల్లో ఉన్నట్టు లేవు. పదేళ్ల కింద ఎవరో వెదురు గుడిసెల్లో పడుకున్న కథ విని అదే తిన్నె కోసం వెళ్తే నిరాశే. ఆ ఊళ్లవాళ్లకు పోయింది విడిది కాదు, ఇల్లు. పడవలో మైకు పట్టుకుని 'ఇదిగో ఇక్కడో ఊరుండేది' అని చెప్పే కుర్రాడి మాటను జోకుల మధ్య వదిలేయకుండా ఆ ఒక్క నిమిషమైనా వినాలి.

మనుషుల లెక్క

ఎంతమంది వెళ్లాలి? నలుగురు. అంతకు మించితే అది పిక్నిక్. ఆఫీసు టీం మొత్తం పన్నెండు మంది వస్తామంటే సంతోషంగా అనంతగిరి రిసార్టుకు పొమ్మనండి, అక్కడ స్విమ్మింగ్ పూల్ కూడా ఉంటుంది. నలుగురిలో ఒకరు వంటకు, ఒకరు దారికి, ఒకరు మందుల సంచికి బాధ్యులు. నాలుగోవాడు ఏమీ చేయకుండా కబుర్లు చెప్పాలి. అలాంటివాడు ఒకడు లేకపోతే ప్రయాణం ఆడిట్ లాగా తయారవుతుంది. ఎక్కడ ఉంటున్నామో, ఎప్పుడు తిరిగొస్తామో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు మారేడుమిల్లి సంతలో అడవి తేనె, కొండ చీపుళ్లు, శీకాకాయ కొనండి. బేరమాడకండి. మాల్‌లో కాఫీకి అడిగినంత ఇచ్చే చేతికి ఇక్కడ పది రూపాయలు తగ్గించమనడానికి నోరెలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చివరగా అటవీశాఖ వారికి ఒక విన్నపం. శిబిరాల బుకింగులన్నీ ఒకే చోట, తెలుగులో, ధరలతో సహా కనబడేలా పెట్టండి. ఏది సమితి నడిపే శిబిరమో, ఏది ప్రైవేటుదో పర్యాటకుడికి గేటు దగ్గరే తెలియాలి. మారేడుమిల్లి పరిసరాల్లో రాత్రికి ఇన్ని గుడారాలకే అనుమతి అని ఒక సంఖ్య ఖాయం చేసి దాన్ని చెక్‌పోస్టు బోర్డు మీద రాయించండి. అదే చెక్‌పోస్టు దగ్గర స్పీకర్లు దించుకుని, చీటీ ఇచ్చి, తిరుగు ప్రయాణంలో అప్పగించే ఏర్పాటు ఈ సీజన్‌లోనే మొదలుపెట్టండి.